తొమ్మిదొందల మందికి ఎదురు

వీరబాబు అన్ని రకాల ప్రశ్నలూ చేసేవాడు. ఒక్క రకం దగ్గర మాత్రం చేతులెత్తేసేవాడు. "కింది వాటిలో ఏది నిజమైతే పై వాదన బలపడుతుంది?" అని అడుగుతారు చూడండి, అది. నాలుగొస్తే నాలుగూ పోయేవి. కిందటేడు క్లర్కు పరీక్ష మార్కున్నరలో తప్పింది. ఆ నాలుగింట్లో రెండొచ్చినా గట్టెక్కేవాడు.

వయసు దాటిపోడానికి ఇక రెండేళ్ళే ఉంది. ఈ ఏడు, పై ఏడు. అంతే.

అతని గురువు పాపాయమ్మ. సామర్లకోటలో గ్రంథాలయం గోడ పక్కన టిఫిను బండి పెట్టుకుంది. చదివింది అయిదో తరగతి. మొగుడు గూడ్సు షెడ్డులో బస్తాలు మోసేవాడు, పోయి పదకొండేళ్ళయింది.

ఆవిడ గురువెలా అయిందంటే, గ్రంథాలయంలో పైకి చదివితే కసురుతారు. అందుకని పరీక్షలకి చదివే పిల్లలంతా బయటికొచ్చి బండి దగ్గర బల్ల మీద కూచుని గట్టిగా చదువుకుంటారు. ఒకరు ప్రశ్న చదువుతారు, ఇంకొకరు జవాబు చెప్తారు. ఏళ్ళ తరబడి ఆ ప్రశ్నలన్నీ ఆవిడ చెవిన పడుతూనే ఉన్నాయి. ఒకరోజు ఇద్దరు ఒకే ప్రశ్న మీద పోట్లాడుకుంటున్నారు. ఒకడు రెండోది అంటాడు, ఒకడు నాలుగోది అంటాడు.

"మూడోది" అంది పాపాయమ్మ, అట్టు తిరగేస్తూ.

వెనక పేజీ తిప్పి చూశారు. మూడోదే.

ముందు వేళాకోళానికి గురువుగారూ అని పిలిచారు. ఇంకో పదిసార్లు ఆవిడ చెప్పిందే కరెక్టయ్యాక వేళాకోళం పోయింది, పిలుపు ఉండిపోయింది.

వీరబాబు ఓ పొద్దున్న పుస్తకం పట్టుకుని ఆవిడ దగ్గరికొచ్చాడు.

"గురువుగారూ, ఇది చూడండి. ఒక ఊళ్ళో బడి పిల్లలకి పొద్దున్నే పాలిచ్చారంట. ఆ ఏడు పాసైనోళ్ళు పెరిగారంట. కాబట్టి పాల వల్లే పాసయ్యారంటున్నాడు. ఏది నిజమైతే ఈ వాదన బలపడుద్ది? ఒకటి, పాలు ఒంటికి మంచివి. రెండు, పిల్లలకి పాలంటే ఇష్టం. మూడు, పాలివ్వని పక్కూరి బడిలో పాసైనోళ్ళు పెరగలేదు. నాలుగు, పాసవ్వడం అందరికీ అవసరం."

"నువ్వేం పెట్టావు?"

"ఒకటి. పాలు మంచివే కదండీ. డాక్టర్లు కూడా చెప్తారు."

"తప్పంటున్నాడా?"

"తప్పంటున్నాడండి. మూడంట. ఈ పిల్లల సంగతి చెప్పమంటే పక్కూరోళ్ళ సంగతి ఎందుకండీ మధ్యలో?"

ఆవిడ పెసరట్టు వేసి ఇచ్చింది. వీరబాబు తింటూ, గురువుని మంచి చేసుకుందామని కాబోలు, "కొత్త పెనం కొన్నాక మీ అట్టే మారిపోయిందండి. కరకరలాడిపోతోంది. అంతా పెనంలో ఉంది" అన్నాడు.

పాపాయమ్మ బండి కిందకి వంగింది. పాత పెనం బయటికి తీసింది. కొత్తది దించి, పాతది పొయ్యి మీద పెట్టింది. అది కాలేదాకా చేతులు కట్టుకుని నించుంది. అదే గిన్నెలో పిండి తీసి అట్టు పోసింది. అతని ఆకులో వేసింది.

"తిను."

తిన్నాడు. ఇదీ కరకరలాడింది. దీనికీ దానికీ తేడా లేదు.

"అదేంటండీ, ఇదీ అలాగే ఉంది!"

"ఉంటది. పెనం కొన్న వారమే పిండి మర కూడా మార్చాను. ఇప్పుడోడు కాస్త రవ్వగా పడుతున్నాడు."

వీరబాబు సగం అట్టు చేత్తో పట్టుకుని కూచుండిపోయాడు.

"నీ ప్రశ్న మళ్ళీ చదువుకో" అని ఆవిడ గిన్నెలు తోముకోడానికి వెళ్ళిపోయింది.

మళ్ళీ చదివాడు. మూడోదాని మీద టిక్కు పెట్టాడు.

ఆ రోజు నుంచి ఆ రకం ప్రశ్న ఒక్కటీ పోలేదు. పది పెడితే పదీ వచ్చేవి. దాంతో కుర్రాడికి కాస్త తలకెక్కింది. బల్ల మీద కొత్తగా వచ్చినవాళ్ళకి తనే చెప్పడం మొదలెట్టాడు. "ఒకచోట ఒకటి జరిగిందని చెప్తే చాలదు బాబూ. అది లేనిచోట ఏం జరిగిందో చూడాలి" అని చెయ్యి తిప్పుతూ చెప్పేవాడు. పాపాయమ్మ వింటూ పచ్చడి రుబ్బుకునేది.

పరీక్ష ఇంకో నాలుగు రోజులుందనగా ఇంట్లో వాళ్ళమ్మ నాగమణి అతన్ని పక్కన కూచోబెట్టుకుంది. నాగమణి జీడిపప్పు ఒలిచే పనికి పోతుంది. ఆ గుల్లల నూనెకి వేళ్ళు నల్లగా కమిలిపోయి ఉంటాయి. కొడుకు చెయ్యి పట్టుకుని చెప్పింది.

"ఒరే, ఈసారైనా నా మాట విను. కిందటేడు నువ్వు గుమ్మం దిగావు. ఆ పాపాయమ్మ పిండి గిన్నె నెత్తినెట్టుకుని ఎదురొచ్చింది. ముండమోసినావిడ. వెనక్కొచ్చి కాళ్ళు కడుక్కుని, ఓ గుక్క నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరరా అన్నాను. ఆటో పోతదన్నావు. ఏమైంది?"

"అమ్మా, అది కాదు."

"ఏది కాదు? మార్కున్నరరా. మార్కున్నరలో పోయిందంటే నువ్వు చదవక పోయినట్టా? ఇంకేదో అడ్డం పడ్డట్టా?"

బల్ల మీద పదిమందికి చెప్పేవాడికి వాళ్ళమ్మకి చెప్పడానికి మాట రాలేదు. నిజం చెప్పాలంటే, ఆ మార్కున్నర అతనికీ లోపల గుచ్చుకుంటూనే ఉంది.

మర్నాడు బండి దగ్గరికొచ్చి, జనం తగ్గేదాకా నించున్నాడు.

"గురువుగారూ."

"ఏంట్రా, అట్టా ఇడ్లీయా?"

"అది కాదండి. ఆదివారం పరీక్ష కదండీ. మా వీధిలోంచి బయల్దేరాలంటే మీ ఇంటి ముందు నుంచే పోవాలి. ఎనిమిదింటికి బయల్దేరతానండి. ఆ టైముకి మీరు కాస్త…"

పాపాయమ్మ గరిటె కింద పెట్టింది.

"బయటికి రావద్దంటావు."

"నాకట్టాంటి పట్టింపులు లేవండి. అమ్మేనండి. అమ్మని కష్టపెట్టలేక."

"పట్టింపు లేనోడివి నువ్వెందుకు చెమటలు కక్కుతున్నావు?"

వీరబాబు తలొంచుకున్నాడు. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. కోపం లేదు, ఏడుపు లేదు. కూరలమ్మిని ధర అడిగినట్టు అడిగింది.

"పరీక్ష ఎక్కడ?"

"కాకినాడండి. కాలేజీలో."

"అందరికీ అక్కడేనా?"

"అందరికీ అక్కడేనండి. తొమ్మిదొందల మంది."

"ఉద్యోగాలు ఎన్ని?"

"యాభై రెండు."

"గేట్లు ఎన్ని?"

"ఒక్కటేనండి. ఎందుకండీ?"

"సరే. ఆదివారం వీధిలో నేను నీకు కనపడను. పోయి చదువుకో."

వీరబాబుకి బరువు దిగినట్టే అనిపించింది. నాలుగడుగులేశాక ఎందుకో మళ్ళీ బరువెక్కింది. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ అట్టు పోస్తోంది.

ఆదివారం ఎనిమిదింటికి తల్లీ కొడుకులు బయల్దేరారు. పాపాయమ్మ ఇంటికి తాళం వేసుంది. నాగమణి తాళం చూసి, "దేవుడున్నాడు" అని లెంపలేసుకుంది. ఆటో దొరికింది. దారిలో సిగ్నల్ కూడా పడలేదు. అంతా శకునమే అనుకుంది.

కాలేజీ ముందు దిగేసరికి గేటు దగ్గర గొడవగా ఉంది.

పాపాయమ్మ తెల్లారగట్ల మొదటి బస్సుకే వచ్చేసింది. గేటు స్తంభం పక్కన, రోడ్డుకి ముఖం పెట్టి నించుంది. నుదుట బొట్టు లేదు, మెడలో ఏమీ లేదు. చూడగానే తెలిసిపోతుంది. లోపలికి పోవాల్సిన ప్రతివాడూ ఆవిడ ముఖం చూస్తూ పోవాల్సిందే.

కొందరు పట్టించుకోలేదు. కొందరు తల పక్కకి తిప్పుకున్నారు. ఒకాయన కూతుర్ని చేత్తో అడ్డం పెట్టుకుని తీసుకుపోయాడు. ఒకావిడ, పసుప్పచ్చ చీర కట్టుకుంది, తన పిల్లని వెనక్కి లాక్కుపోయి ఆటోలో కూచోబెట్టి, నీళ్ళు తాగించి మళ్ళీ తీసుకొచ్చింది. పాపాయమ్మ అక్కడే ఉంది. మళ్ళీ లాక్కుపోయింది. మళ్ళీ నీళ్ళు తాగించింది. మళ్ళీ తెచ్చింది. ఉంది.

"ఇంకో చోటే దొరకలేదా నీకు? పిల్లల బతుకుల మీదకొచ్చి నించున్నావు!" అని అరిచింది పసుప్పచ్చ చీరావిడ.

"ఇక్కడైతే అందరూ కనపడతారు" అంది పాపాయమ్మ.

"అమ్మా, ఇంక నీళ్ళు తాగితే పరీక్ష రాయలేను, గేటేసేస్తారు" అని ఆ పిల్లే చెయ్యి విదిలించుకుని లోపలికి పోయింది.

పోలీసాయన వచ్చాడు. "ఎవరి తాలూకు అమ్మా నువ్వు?"

"అందరి తాలూకున్నూ బాబూ."

ఆయనకేం చెయ్యాలో తోచలేదు. దారికి అడ్డంగా లేదు, ఎవర్నీ ఏమీ అనట్లేదు. ఊరికే నించుంది. వదిలేశాడు.

నాగమణి ఇదంతా చూసింది. గబుక్కున కొంగు తీసి కొడుకు ముఖం మీద కప్పేసింది. చంటిపిల్లాణ్ణి ఎండలో తీసుకుపోయినట్టు, అతని తల వంచి గేటు లోపలికి తోసేసింది. లోపల లైన్లో పడ్డాక గానీ వీరబాబుకి కళ్ళు కనపడలేదు.

అప్పుడు నాగమణి పాపాయమ్మ మీదకొచ్చింది.

"ఇక్కడికి కూడా తయారయ్యావా! నీ బండి మీద వాడు తిన్న తిండికి ఇదా? మా మీద ఏం కక్ష నీకు?"

"కక్షేముంది. నువ్వో మాటన్నావు. దాన్ని బలపరుద్దామని వచ్చాను."

"ఏంటీ?"

"నేనెదురొస్తే పరీక్ష పోతదన్నావు. నీ దగ్గర ఒక్కడి సంగతే ఉంది. ఒక్కడితో ఏం తేలుద్ది? అందుకే తొమ్మిదొందల మందికి ఎదురొచ్చాను. నీ మాట నిజమైతే వీళ్ళలో ఒక్కడికీ రాదు. యాభై రెండు కుర్చీలూ ఖాళీగా పడుంటాయి."

నాగమణి గేటు లోపల ఉన్న లైను వైపు చూసింది.

పాపాయమ్మ గొంతు తగ్గించింది. "నా సంగతి నాకూ తేలాలి కదా. పదకొండేళ్ళ నుంచి ఎవరు బయల్దేరినా గోడవారకి తప్పుకుంటున్నాను. మీరన్నారని తప్పుకున్నాను. నిజమో కాదో నేనూ ఎప్పుడూ చూళ్ళేదు."

లైన్లో ఉన్న వీరబాబుకి ఈ మాటలు వినపడ్డాయి. ఆవిడ వీపు మాత్రం కనపడుతోంది. జాకెట్టు చెమటకి తడిసిపోయి ఉంది. ఎన్నింటికి వచ్చి నించుందో.

హాల్ టికెట్టు చూసే అతనితో, "ఒక్క నిమిషం సార్, బయటికెళ్ళొస్తాను" అన్నాడు.

"పిచ్చా? పది నిమిషాల్లో గేటు మూసేస్తాం."

"వచ్చేస్తా సార్."

లైన్లోంచి బయటికొచ్చాడు. గేటు దాటాడు. తల్లి "ఒరే, ఒరే" అంటున్నా ఆగలేదు. రోడ్డు మీద ఆటోలు ఆగే చోటిదాకా వెళ్ళాడు. అక్కడ వెనక్కి తిరిగాడు. తలెత్తుకుని, పాపాయమ్మ ముఖంలోకి చూస్తూ నడుచుకుంటూ వచ్చాడు.

ఆవిడ ముందు ఆగాడు.

"నన్నూ కలుపుకోండి గురువుగారూ. ఇందాక కళ్ళకి కొంగు అడ్డమొచ్చింది."

పాపాయమ్మ అతని చొక్కా కాలరు వంకరగా ఉంటే సర్దింది.

"కలిపాను. ఎల్లు."

వెళ్ళాడు. గేటు మూసేశారు.

నెలన్నరకి పేర్లు అంటించారు. కాలేజీ గోడ మీద రెండు కాగితాలు. నాగమణికి చదువు రాదు. కొడుకు పక్కన నించుని, "పైనుంచి చదువు. ఒక్కటీ వదలకు" అంది.

వీరబాబు ఒక్కో పేరే పైకి చదివాడు. మూడో పేరు చదవగానే పక్కన ఎవరో కేక పెట్టారు. నాగమణి తిరిగి చూసింది. పసుప్పచ్చ చీరావిడ. ఇవాళ వేరే చీర కట్టుకుంది గానీ ఆవిడే. కూతుర్ని పట్టుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది. ఆ పిల్ల, "వదలమ్మా, అందరూ చూస్తున్నారు" అంటోంది.

నాగమణి వాళ్ళనే చూస్తూ నించుంది. వీరబాబు చదువుతూ పోయాడు. ఇరవై. ముప్ఫై. నలభై దాటాక గొంతు సన్నబడింది. ఆఖరి పేరు కూడా చదివాడు.

"నాది లేదమ్మా."

నాగమణి ఏదో అనబోయింది. అనలేదు. కాగితాల చివరకేసి చూస్తూ అడిగింది.

"మొత్తం ఎన్ని చదివావు?"

"యాభై రెండు."

"ఖాళీ ఏమీ వదల్లేదా?"

"లేదమ్మా. అన్నీ నిండిపోయాయి."

సామర్లకోటలో బస్సు దిగాక ఇంటి దారి పట్టకుండా నాగమణి గ్రంథాలయం వైపు తిరిగింది. వీరబాబు వెనకాలే వెళ్ళాడు.

సాయంత్రం బజ్జీల వేళ. పాపాయమ్మ వాళ్ళిద్దరి ముఖాలూ చూసింది. అడగాల్సిన పని లేకపోయింది.

"ఎంతలో?" అంది.

"ఏడు మార్కులండి" అన్నాడు వీరబాబు.

"మన ప్రశ్నలొచ్చాయా?"

"అయిదొచ్చాయండి. అయిదూ కరెక్టే. ఇంగ్లీషులో పోయింది."

"అయితే ఇంకో గురువుని చూసుకో. ఇంగ్లీషు నాకు రాదు" అని బజ్జీలు తీసి కాగితంలో పెట్టి అతని చేతికిచ్చింది. చెయ్యి అతని చేతి మీద కొంచెంసేపు ఉంచి తీసేసింది.

నాగమణి బల్ల మీద ఓ చివర కూచుంది. ఆ బండి దగ్గర ఆవిడ కూచోడం అదే మొదలు. కమిలిపోయిన వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటోంది.

"వదినా" అంది.

పాపాయమ్మ తిరిగి చూసింది.

"పై ఏడు కూడా ఆ గేటు దగ్గర నించుంటావా?"

"నించుంటాను."

నాగమణి పాపాయమ్మ వైపు జరిగి కూచుంది.

"నేనూ వచ్చి నీ పక్కన నించుంటాను."

పాపాయమ్మ మూకుట్లో ఇంకో వాయి వేసింది.

"గొడుగు తెచ్చుకో. అక్కడ నీడ లేదు."